కుల్ఫీనా, కప్పా, డబ్బానా? మన సీమ ఎండల్లో ఏ ఐస్‌క్రీం ఎప్పుడు

నేను పుట్టింది కడప, మెట్టింది కర్నూలు, మా చెల్లెల్ని ఇచ్చింది అనంతపురం. అందుకని శివరాత్రి దాటితే చాలు, మూడు ఊళ్ల నుంచీ నాకు ఒకటే రకం ఫోన్లు. "అక్కా, పెళ్లికి కప్పులు చెప్దామా, కుల్ఫీ పెట్టిద్దామా?" "పెద్దమ్మా, పుట్టినరోజుకు పెద్ద డబ్బా ఒకటి తెస్తే చాలా?" "వదినా, ఈ డబ్బాల్లో ఏది మంచిది? అన్నీ ఒకే మాదిరి ఉన్నాయి కదా." ముప్పై ఏళ్లుగా ఈ మూడు ఊళ్లలో తిని, తినిపించి, ఒకటి రెండుసార్లు దెబ్బతిని నేర్చుకున్నదంతా ఒకచోట రాసి పెడదామని కూర్చున్నాను.

తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తా. అంగట్లో కూర్చుని తినేటట్లయితే సొంతంగా తయారుచేసే అంగడికి పోండి. ఇంటికి తెచ్చుకునేదైతే మూత మీద ‘ఐస్‌క్రీం’ అనే మాట స్పష్టంగా ఉండి, చేతికి బరువుగా తగిలే డబ్బా తీసుకోండి. ఎండాకాలం పెళ్లికి కుల్ఫీ. మిట్టమధ్యాహ్నం దాహానికి ఇవేవీ వద్దు, నన్నారి షర్బతు తాగండి. ఎందుకో తెలుసుకోవాలనుకునేవాళ్లు నిదానంగా చదవండి. అంతా రెండే ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది: ఇందులో ఉన్న కొవ్వు పాలదా, నూనెదా? ఇందులో మనం కొంటున్న గాలి ఎంత?

మూడు ఊళ్లు, మూడు దారులు

మంచుకూ మన సీమకూ చుట్టరికం చాలా ఆలస్యంగా కలిసింది. మొగలుల కాలంలో ఉత్తరాదిన కొండల మీది మంచును దింపించుకునేవాళ్లు. సూరేకారాన్ని నీళ్లలో కరిగిస్తే ఆ నీళ్లు చల్లబడతాయి, అందులో తాగేనీళ్ల పాత్ర తిప్పి చల్లార్చుకునేవాళ్లని అక్బరు కాలంనాటి ‘ఐన్-ఇ-అక్బరీ’ చెబుతుంది. కుల్ఫీ ఆ దర్బారుల వైపు నుంచి వచ్చిన వంటకం. దక్షిణాదికి మాత్రం మంచు సముద్రం మీద వచ్చింది. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి అక్కడి చెరువుల్లో గడ్డకట్టిన నీటిని దిమ్మలుగా కోయించి, రంపపు పొట్టులో పొదిగి, 1833లో కలకత్తాకు ఓడలో పంపాడు. మద్రాసు తీరంలో 1842లో ఆ మంచును దాచడానికే ఒక భవనం కట్టారు. దాని పేరే ఐస్ హౌస్. తర్వాత 1897లో స్వామి వివేకానంద బస చేసింది ఆ భవనంలోనే. నాలుగు నెలలు ఓడలో వచ్చిన మంచు దొరల గ్లాసుల్లోకే తప్ప కడప దాకా, కర్నూలు దాకా వచ్చేదేముంది? అది మన ఊళ్లకు అందింది యంత్రాలతో మంచు చేయడం వచ్చాకే. ఐస్ ఫ్యాక్టరీల్లో చల్లటి ఉప్పునీటి తొట్లలో రేకు డబ్బాలు ముంచి, పొడుగాటి దిమ్మలు తీసి, ఊకలోనో గోనెపట్టాలోనో చుట్టి సైకిల్ మీద వేసుకుపోవడం నా వయసు వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది.

ఇక రుచుల సంగతి. మద్రాసు నుంచి రాయచూరు పోయే రైలు దారి 1871 నాటికి పూర్తయింది. కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని దాని మీదే ఉన్నాయి. కడపకు అప్పట్నుంచీ చూపు మద్రాసు వైపే. కర్నూలు 1839 దాకా నవాబుల పాలనలో ఉంది. ఆ వంటల వాసన పాతూరి వీధుల్లో ఇంకా పోలేదు. పైగా హైదరాబాదు ఇక్కడికి 210 కిలోమీటర్లే. అనంతపురానికి దాదాపు అంతే దూరంలో బెంగళూరు. చదువుకీ, ఉద్యోగానికీ, ఆసుపత్రికీ ఎటు పోతామో తిండి కూడా అటునుంచే వస్తుంది.

హైదరాబాదులో 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ ఉంది కదా, అక్కడ 1951 నుంచి ‘ఫేమస్’ వాళ్లు పండ్ల ఐస్‌క్రీం అమ్ముతున్నారు. సీతాఫలం, సపోటా, మామిడి. కర్నూలు నుంచి ఆస్పత్రి పని మీద పోయినవాళ్లు కూడా అక్కడ ఒక కప్పు తినకుండా తిరిగొచ్చేవాళ్లు కాదు. అందుకే కర్నూల్లో ఇప్పటికీ పండ్ల ఐస్‌క్రీంకూ, ఫలూదాకూ, కుల్ఫీకీ ఉన్న గిరాకీ వేరు. కడపకు మద్రాసు కప్పులు వచ్చాయి. 1970లో రాయపురంలో చంద్రమోగన్ గారు మొదలుపెట్టిన అరుణ్ ఐస్‌క్రీం పెద్ద నగరాల కంటే చిన్న ఊళ్లనే ముందు పట్టుకుని పెరిగిన కంపెనీ. అనంతపురం పిల్లలకు బెంగళూరు అలవాట్లు. పొడుగు గ్లాసులో జెల్లీ, పండ్లు, మూడు రకాల ఐస్‌క్రీం పొరలు పొరలుగా వేసే గడ్‌బడ్, ఉడుపి, మంగళూరు వైపు పుట్టి బెంగళూరు మీదుగా ఇక్కడికి దిగింది. మా చెల్లెలి కొడుకు సప్తగిరి సర్కిల్ దగ్గర అదే అడుగుతాడు. కర్నూలు వస్తే మాత్రం కుల్ఫీ అడుగుతాడు, అది నాకు తృప్తి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1997 దాకా ఐస్‌క్రీం తయారీ చిన్న పరిశ్రమలకు కేటాయించిన జాబితాలో ఉండేది. జిల్లా కేంద్రాల్లో ఊరికి రెండు మూడు సొంత పేర్ల ఐస్‌క్రీం అంగళ్లు బతికి బట్టకట్టడానికి అదొక పెద్ద కారణం. ఆ తర్వాత పెద్ద కంపెనీల ఫ్రీజర్లు కిరాణా కొట్ల ముందుకు వచ్చేశాయి. సొంతంగా చేసేవాళ్లలో చాలామంది ఆపేసి, కంపెనీ ఏజెన్సీ తీసుకున్నారు. బోర్డు పాతదే, లోపల సరుకు బయటిది. అందుకే "అది మా చిన్నప్పటి అంగడి" అన్న ఒక్క మాట చాలదు, ఇప్పుడు అక్కడ ఎవరు చేస్తున్నారో అడగాలి.

మూత మీద ఏం రాసుంది?

ఇంటికి తెచ్చుకునే డబ్బాల దగ్గరే మనవాళ్లు ఎక్కువ మోసపోతున్నారు. మోసం అనడం కూడా సరికాదు, కంపెనీ రాసే పెడుతుంది, మనమే చదవం. మూత మీద, లేదా డబ్బా పక్కన ‘ఐస్‌క్రీం’ అని ఉందా, ‘ఫ్రోజెన్ డిజర్ట్’ అని ఉందా చూడండి. మన ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం ‘ఐస్‌క్రీం’ అని రాయాలంటే అందులో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. అంతకంటే తక్కువ, 2.5 శాతం కంటే ఎక్కువ ఉంటే ‘మీడియం ఫ్యాట్ ఐస్‌క్రీం’. దానికంటే దిగితే ‘లో ఫ్యాట్’. ఫ్రోజెన్ డిజర్ట్‌లో పాల కొవ్వుకు బదులు, లేదా దానితోపాటు, మొక్కల నుంచి తీసిన నూనె ఉంటుంది. అది కూడా లేబుల్ మీద రాయాల్సిందే.

ఫ్రోజెన్ డిజర్ట్ కల్తీ కాదు. అది చట్టం ఒప్పుకున్న వేరే పదార్థం. ఈ విషయం మీద రెండు పెద్ద కంపెనీలు 2017లో బొంబాయి హైకోర్టు దాకా వెళ్లాయి. ఫ్రోజెన్ డిజర్ట్ అంటే వనస్పతే అనిపించేలా తీసిన ప్రకటనను కోర్టు ఆపించింది కూడా. కాబట్టి తింటే ఏదో అయిపోతుందని నేను భయపెట్టడం లేదు. నా మాట ఒక్కటే: పాలకు డబ్బులిచ్చి నూనె తెచ్చుకోవద్దు. నూనె సరుకైతే ధర కూడా దానికి తగ్గట్టే ఉండాలి. చాలాసార్లు రెండింటి ధరా పక్కపక్కనే ఉంటుంది. అప్పుడు పాలదాన్ని వదిలి నూనెదాన్ని తీసుకోవడానికి ఏ కారణమూ లేదు. నోట్లో కూడా తేడా తెలుస్తుంది. పాల కొవ్వు నాలుక మీద కరిగి పోతుంది. నూనె సరుకు తిన్నాక పైఅంగిట్లో పలచటి పూత మాదిరి నిలిచి, మంచినీళ్లు తాగినా ఒక పట్టాన పోదు.

రెండోది గాలి. ఐస్‌క్రీం చిలికేటప్పుడు గాలి కలుస్తుంది. కలవాలి కూడా, లేకపోతే చెంచా దిగదు. కానీ ఎంత? ‘ఐస్‌క్రీం’ అయితే లీటరుకు కనీసం 525 గ్రాముల బరువు ఉండాలని నిబంధన. చిలకకముందు ఆ పాల మిశ్రమం లీటరు తూచితే కిలో పైచిలుకే ఉంటుంది. అంటే చట్టప్రకారమే సగం దాకా గాలి ఉండొచ్చు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది మిల్లీలీటర్లు. బరువు చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది. అదే మనకు కావలసింది.

పోయిన వేసవిలో మా వంటింట్లో రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టాను. పిండి తూచుకునే చిన్న కాటా ఉంది, దాని మీద పెట్టి, తర్వాత ఖాళీ డబ్బాల బరువు తీసేశాను. ఒకటి 700 మిల్లీలీటర్లది, 210 రూపాయలు, లోపల సరుకు 370 గ్రాములు. ఇంకోటి అర లీటరుది, 180 రూపాయలు, సరుకు 330 గ్రాములు. కంటికి మొదటిదే లాభంగా ఉంది. లెక్క కడితే మొదటిది 100 గ్రాములు 57 రూపాయలకు దగ్గర పడింది, రెండోది 55 లోపే. పైగా రెండోది పాల కొవ్వుది, మొదటిది కాదు. మా ఇంటాయన కాటా వైపు రెండుసార్లు చూసి, "ఇన్నేళ్లూ గాలి కొన్నామంటావు" అన్నారు. అప్పట్నుంచి అంగట్లో ఆయనే డబ్బాను చేత్తో ఎత్తి చూస్తారు. ఒకే సైజు డబ్బాలు రెండు చేతుల్లో పట్టుకుంటే కాటా కూడా అక్కర్లేదు.

మన ఊళ్లకు మూడో పరీక్ష కూడా ఉంది. కరెంటు పోయి వచ్చే చోట, ఫ్రీజర్ మూత పొద్దస్తమానం తెరిచి మూసే చోట, ఐస్‌క్రీం సగం కరిగి మళ్లీ గట్టిపడుతుంది. అలా ఒకసారి జరిగిందంటే లోపలి సన్నటి మంచు రేణువులు కలిసిపోయి పెద్ద పలుకులవుతాయి, పట్టి ఉంచిన గాలి పోతుంది. మూత తీయగానే పైన మంచు నూగు, అంచుల నుంచి కుంగిన సరుకు, తింటే ఉప్పు రవ్వ నమిలినట్టు కరకర. కొనేముందు డబ్బాను పక్కల నొక్కి చూడండి. ఒత్తితే లోపలికి పోయిందంటే, అది ఎంత పేరున్న కంపెనీ సరుకైనా ఆ అంగట్లో తీసుకోవద్దు. ఐస్‌క్రీంను సున్నాకు 18 డిగ్రీల కింద ఉంచాలి. ఆ మాత్రం ఫ్రీజర్ చూసుకునే కొట్టు మీ వీధిలో ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకోండి. సరుకు వేగంగా అమ్ముడుపోయే కొట్టైతే ఇంకా మంచిది.

కుల్ఫీ బండి

కుల్ఫీని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఐస్‌క్రీం పక్కనే, అదే ప్రమాణం కింద పెట్టింది. చేసే తీరు మాత్రం పూర్తిగా వేరు. దీన్ని చిలకరు. పాలను సన్నటి సెగ మీద సగానికో, అంతకంటే తక్కువకో మరగకాచి, చక్కెర, యాలకులు వేసి, మూతలున్న రేకు గొట్టాల్లో పోసి, మంచూ ఉప్పూ నింపిన కుండలో పాతిపెడతారు. మంచులో ఉప్పు పడితే మంచు కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది. బాగా కలిస్తే సున్నాకు 21 డిగ్రీల కింద దాకా పోతుంది. కరెంటు లేని కాలంలోనే ఇది సాధ్యమైంది అందుకే. చిలకలేదు కాబట్టి గాలి లేదు. గాలి లేదు కాబట్టి గట్టిగా, బరువుగా ఉంటుంది, నిదానంగా కరుగుతుంది. 42, 43 డిగ్రీల ఊళ్లో ఈ ఒక్క గుణం చాలు.

రాత్రి తొమ్మిది దాటాక మా వీధికి ఒక కుల్ఫీ బండి వస్తుంది. గంట చప్పుడు మూల మలుపు దగ్గర వినిపించగానే పిల్లలు గిన్నె తీసుకుని గేటు దగ్గర నిలబడతారు. ఆయన ఎర్ర గుడ్డ కప్పిన కుండలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఒక గొట్టం పైకి తీసి, రెండు అరచేతుల మధ్య నాలుగు తిప్పులు తిప్పుతాడు. మూత ఊడదీసి ఆకు మీద బోర్లిస్తే తెల్లటి కడ్డీ జారి పడుతుంది. చాకుతో బిళ్లలు బిళ్లలుగా కోస్తాడు. చాకు దిగేటప్పుడు చప్పుడు రాదు. అదే గుర్తు. నీళ్లపాలతో చేసిన కుల్ఫీ కోస్తే చాకు కింద కరకరమంటుంది. ఒకసారి "ఏం పాలన్నా ఇవి?" అని అడిగాను. "ఎనుము పాలేనమ్మా, ఆవుపాలతో ఈ బిళ్ల నిలబడదు" అన్నాడు. నిజమే, బర్రెపాలలో వెన్న ఎక్కువ.

కుల్ఫీకి నా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. ఒక బిళ్లను గిన్నెలో వేసి కరగనివ్వండి. మంచిదైతే చిక్కటి పాలవుతుంది, వేలితో తాకితే జిడ్డు తగులుతుంది. పిండి వేసి చిక్కబరిచినదైతే కరిగాక గంజిలా, ముద్దలా మిగులుతుంది. పిండి వేసింది తింటే ప్రమాదమేం లేదు, కానీ ఆ ధర దానికి ఇవ్వకూడదు. శుభ్రం సంగతి కూడా చూడాలి. గొట్టాల మూతలు గట్టిగా బిగించి ఉన్నాయా, కుండలోని ఉప్పునీరు లోపలికి దిగలేదు కదా? దిగితే మొదటి బిళ్లలోనే ఉప్పగా తెలుస్తుంది, వెనక్కి ఇచ్చేయండి.

సొంతంగా చేసే అంగళ్లు

కర్నూల్లో గానీ, కడపలో గానీ, అనంతపురంలో గానీ ఇంకా సొంతంగా ఐస్‌క్రీం చేసేవాళ్లు ఉంటే వాళ్లకే నా మొదటి ఓటు. కారణం పండు. కంపెనీ డబ్బా ఏడాది పొడుగునా ఒకే రుచి ఇవ్వాలి, దేశమంతా ఒకే రుచి ఇవ్వాలి. సొంతంగా చేసేవాళ్లకు ఆ బాధ లేదు. బనగానపల్లె మామిడి మనది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా ఆ పండు గుజ్జుతో చేసిన ఐస్‌క్రీం తింటే, డబ్బాల్లో దొరికే మామిడి రంగు సరుకు మళ్లీ నోట పెట్టబుద్ధి కాదు. వానలు తగ్గుముఖం పట్టాక గుట్టల మీది సీతాఫలాలు గంపల్లో దిగుతాయి. అప్పుడు సీతాఫలం. సపోటా, జామ వేరే.

అందుకే అంగట్లోకి పోయి "ఏమేం ఫ్లేవర్లు ఉన్నాయి?" అని అడగొద్దు. బోర్డు మీదివన్నీ చదివేస్తారు. "ఈ వారం పండుతో చేసింది ఏది?" అని అడగండి. జవాబు తడుముకోకుండా వచ్చిందంటే అక్కడ చేస్తున్నారు. వేసవిలో సీతాఫలం ఉందంటే అది నిలవ గుజ్జు. నిలవ గుజ్జు చెడ్డదేం కాదు, మంచి సీజన్‌లో తీసి గడ్డకట్టిస్తే బాగానే ఉంటుంది. కానీ మామిడి చేతికందేచోట దాన్నెందుకు తినడం?

రంగు చూడండి. సీతాఫలం ఐస్‌క్రీం పాలరంగులో, అక్కడక్కడ బూడిద చారలతో ఉంటుంది. మామిడి మరీ నారింజ రంగులో మెరిసిపోతుంటే అనుమానించాల్సిందే. పిస్తా పచ్చగా వెలిగిపోతుంటే అందులో పిస్తా కంటే రంగే ఎక్కువ.

సొంత అంగళ్ల సరుకుకు ఒక లోపం ఉంది, దాచిపెట్టను. తొందరగా కరగకుండా, రాయిలా గట్టిపడకుండా ఉంచే పదార్థాలు తక్కువ వేస్తారు కాబట్టి ఇంటికి తెస్తే నిలవదు. కర్నూల్లో రాజవిహార్ నుంచి సి-క్యాంపు దాకా స్కూటర్ మీద తెచ్చేసరికి అంచులు కరిగి ఉంటాయి. మన ఫ్రిజ్‌లో పెడితే రేపటికి రాయి. అక్కడే కూర్చుని తినండి. తేవాల్సే వస్తే థర్మోకోల్ పెట్టె తీసుకుపోయి, తెచ్చిన పూటే ముగించండి.

పెళ్లికి, ఫంక్షన్‌కు

ఈ భాగం కోసమే నాకు ఎక్కువ ఫోన్లు వస్తాయి. నేను నేర్చుకున్నదీ ఇక్కడే. మా చెల్లెలి కూతురి పెళ్లి మే నెలలో పెట్టుకున్నాం. కప్పుల ఐస్‌క్రీం చెప్పాం, తలకొకటి. సరఫరా చేసేవాళ్లు పదకొండింటికే అన్ని పెట్టెలూ తెచ్చి కల్యాణమండపం వెనక వరండాలో దించిపోయారు. మొదటి బంతికి బాగుంది. రెండో బంతికి అంచులు కరిగాయి. మూడో బంతిలో వియ్యాలవారి పెద్దవాళ్లు కూర్చున్నారు. మూత తీస్తే గులాబి రంగు నీళ్లు. ఒక పెద్దాయన ఏమీ అనకుండా మూత మళ్లీ పెట్టి కప్పు పక్కకు జరిపారు. మా చెల్లెలి ముఖం చూడలేకపోయాను. ఈనాటికీ ఆ మూత పెట్టిన చెయ్యి నాకు కళ్లలో మెదులుతుంది.

తప్పు ఐస్‌క్రీంది కాదు, ఎన్నికది. చిలికి గాలి నింపిన సరుకు, చిన్న కప్పు, ఎండ వరండా, మూడు గంటలు. ఏదైనా కరుగుతుంది. కప్పులే పెట్టాలంటే బంతికొకసారి పెట్టెలు వచ్చేలా మాట్లాడుకోండి, లేదా సరఫరాదారు తన ఫ్రీజర్ పెట్టి, దానికి జనరేటర్ లైను ఇచ్చేలా ముందే కాగితం మీద రాయించుకోండి. "మేం చూసుకుంటాంలే అక్కా" అన్న మాట చాలదు.

పెద్ద డబ్బాలు తెచ్చి గరిటెతో వడ్డించడం చవకగా కనిపిస్తుంది. లీటరుకు పది మందికి 100 మిల్లీలీటర్ల చొప్పున అని కాగితం మీద లెక్క వేస్తారు. గరిటెతో తీస్తుంటే గాలి అణిగిపోతుంది, కొంత కరుగుతుంది, కొందరు రెండోసారి అడుగుతారు. నా అనుభవంలో ఐదు లీటర్లు నలభై మందికి మించి రావు. వడ్డించే మనిషి నిబ్బరంగా చెయ్యి తిప్పేవాడు కావాలి. నూరు మంది లోపు పుట్టినరోజుకైతే ఇది బాగుంటుంది. ఆరేడు వందల మందికి వద్దు.

కుల్ఫీ అయితే కుండలతోపాటు మనిషే వస్తాడు. అడిగినప్పుడు తీసి, కోసి, చేతికిస్తాడు. మిగిలిన గొట్టాలు సాయంత్రం దాకా కుండలో చెక్కుచెదరవు. ధర కప్పు కంటే ఎక్కువే అవుతుంది, అది ఒప్పుకుంటాను. కానీ కరిగి పారబోసిన కప్పుల ఖరీదు కూడా లెక్కలో కలిపితే ఆ తేడా అంత ఉండదు. రెండేళ్ల తర్వాత మా మరిది కొడుకు పెళ్లికి కుల్ఫీ పెట్టించాం. మూడో బంతి వాళ్లు కూడా మొదటి బంతి తిన్నదే తిన్నారు.

గోలా, పుల్లైసు, ఫలూదా

గోలా అంటే తురిమిన మంచు మీద రంగు షర్బతు పోసి ఇచ్చేది. దాని విషయంలో ఒక్కటే చూడాలి: మంచు ఎక్కడిది? చేపలకూ, సరుకు చల్లగా ఉంచడానికీ వాడే మంచు తినేది కాదు. తినకూడని మంచుకు నీలి రంగు కలపాలని 2018లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన తెచ్చింది. దిమ్మలో నీలి ఛాయ ఉంటే వెనక్కి తిరిగి వచ్చేయండి. రంగు లేకపోయినా, గోనెపట్టాలో చుట్టి నేల మీద పడేసిన దిమ్మ అయితే పిల్లలకు ఇప్పించొద్దు.

పుల్లైసుకు మాత్రం నా మనసులో చోటు ఉంది. చెక్కపెట్టె మూతను టపటప కొట్టుకుంటూ బడి ముందు నిలబడే ఆ సేమ్యా ఐసు, పాలైసు, ద్రాక్ష ఐసు. నోరు ఎర్రగా చేసుకోవడమే దాని ఆనందం. ఇప్పుడు కొంటే కవరులో సీలు వేసి, చేసినవాళ్ల పేరూ, 14 అంకెల లైసెన్సు నంబరూ ఉన్నది కొనండి.

ఫలూదా ఐస్‌క్రీం కాదు, భోజనం. సబ్జా గింజలు, సేమ్యా, గులాబి షర్బతు, పాలు, పైన ఒక గరిటె ఐస్‌క్రీం. రంజాన్ నెల రాత్రుళ్లు కర్నూలు పాతూరి వైపు తింటేనే దాని రుచి. కడుపు నిండా అన్నం తిన్నాక ఒక్కరే ఒక గ్లాసు చెప్పుకోవద్దు, ఇద్దరికి ఒకటి చాలు. షుగరు ఉన్నవాళ్లు దీని జోలికి పోకుండా ఉండటమే మంచిది. ‘షుగర్ ఫ్రీ’ ఐస్‌క్రీం కూడా వాళ్లకు పూర్తిగా నిశ్చింత కాదు. విడిగా చక్కెర వేయకపోయినా పాలలో ఉండే చక్కెర ఉంటుంది, కొవ్వు ఉంటుంది. ఒక చిన్న కప్పుతో ఆపుకోగలిగితే చాలు.

దాహమా, ఆశా?

మధ్యాహ్నం రెండింటికి బస్టాండులో దిగి, నాలుక పిడచగట్టుకుపోయి ఐస్‌క్రీం కొనేవాళ్లను చూస్తే జాలేస్తుంది. చక్కెరా కొవ్వూ కలిసిన పదార్థం దాహం తీర్చదు. తిన్న పది నిమిషాలకు ఇంకా నీళ్లు కావాలనిపిస్తుంది. దానికి మన సీమ దగ్గర వేరే మందు ఉంది. నల్లమల అడవుల్లో దొరికే సుగంధి వేళ్లను కాచి తీసిన నన్నారి. అడుగున రెండు వేళ్ల మందం నన్నారి, ఒక నిమ్మచెక్క, నానిన సబ్జా, చల్లటి నీళ్లో సోడానో. గిరిజన సహకార సంస్థ కూడా నన్నారి సీసాలు అమ్ముతుంది. అనంతపురం వైపైతే చీనీకాయ, అంటే బత్తాయి రసం. ముందు అది తాగి, నీడన కాసేపు కూర్చుని, సాయంత్రం కొండారెడ్డి బురుజు దగ్గర గాలి తిరిగాక ఐస్‌క్రీం సంగతి చూసుకోవచ్చు. నన్నారిలోనూ రకాలున్నాయి. వేరు వాసన మట్టివాసనతో కలిసి, చివర్లో కాస్త చేదుగా తగిలితే అది వేరు కాచింది. ఉత్త తీపి, మరీ ఘుమఘుమలాడితే అది ఎసెన్సు.

ఇప్పుడు మా చెల్లెలి కొడుకు పెళ్లి కుదిరింది. ముహూర్తం మళ్లీ వైశాఖంలోనే. గడ్‌బడ్ పెట్టిద్దామని వాడు పట్టుబట్టాడు. దానికి ఆరేడు వందల పొడుగు గ్లాసులు, వాటిని పేర్చే చేతులు, అంతసేపు నిలిచే చల్లదనం ఎక్కడ తెస్తాం? ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. మండపం గుమ్మం దగ్గర వచ్చినవాళ్లకు వచ్చినట్టు నన్నారి, భోజనం చివర కుల్ఫీ, రాత్రి పిల్లల జట్టుకు మాత్రం నలభై గడ్‌బడ్‌లు. కుల్ఫీ అన్నకు నిన్న రాత్రే బండి దగ్గర బయానా ఇచ్చాను. బర్రెపాలు తప్ప ఇంకోటి వద్దని మరీ మరీ చెప్పాను. "మీ చెల్లెలమ్మ ఇంటి పెళ్లిపందిరికి అట్లెందుకు చేస్తానమ్మా" అంటూ రెండు బిళ్లలు కోసి ఆకులో పెట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చేదాకా అవి అలాగే నిలబడ్డాయి.